లోతైన జర్నలిజానికి ప్రజల సొమ్ము తీసుకోవచ్చా? తీసుకుంటే ఎవరి చేతుల మీదుగా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. కర్నూలులో ముగ్గురు మిత్రులు, పత్రికలకూ చానళ్లకూ కంట్రిబ్యూటర్లుగా చేసి చేసి విసిగిపోయి, నెలకు ఒకటో రెండో గట్టి కథనాలు మాత్రమే ఇచ్చే తెలుగు వెబ్‌సైట్ పెట్టాలనుకుంటున్నారు. చేతిలో డబ్బు లేదు. "లోతైన జర్నలిజానికి ప్రభుత్వమే ఒక నిధి పెడితే తప్పేంటి, అలాంటిది వస్తే తీసుకోవచ్చా, లేక జనాన్నే చందాలు అడగాలా" అని అడిగారు. నేను ఇరవై ఆరేళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను. జిల్లా రిపోర్టర్‌గా చేశాను, డెస్క్‌లో చేశాను, చివరి ఎనిమిదేళ్లు ఒక చిన్న టీమ్‌ని నడిపాను. కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను.

ముందు నా జవాబు. తీసుకోవచ్చు. సర్కారు సొమ్ము ముట్టుకుంటేనే చెడిపోతామనే వాదన నేను ఒప్పుకోను. కానీ ఇచ్చే చేతికీ రాసే చేతికీ మధ్య ఎడం ఎంత ఉంది, ఆ ఎడాన్ని కాపలా కాసే మనిషి ఎవరు, ఈ రెండూ తేలకుండా రూపాయి కూడా తీసుకోవద్దు. అది ప్రభుత్వ నిధి అయినా, ఎవరో పెద్దాయన విరాళం అయినా, పాఠకుల చందా అయినా సరే.

ఎందుకంత గట్టిగా చెబుతున్నానంటే, 2007లో నేను ఒక కరువు జిల్లాలో స్టాఫ్ రిపోర్టర్‌ని. తాగునీటి పథకం పూర్తయిందని కాగితాల్లో ఉంది, ఊళ్లలో ఆడవాళ్లు మాత్రం ఇంకా బోరింగుల దగ్గరే బిందెలు వరసలో పెడుతున్నారు. ఆర్టీఐ కింద ఎం-బుక్కుల నకళ్లు అడిగాను. (తెలియనివాళ్ల కోసం: జరిగిన పనిని ఇంజినీర్లు కొలిచి రాసే పుస్తకం ఎం-బుక్, బిల్లు దాని మీదే పాసవుతుంది.) పేజీకి 2 రూపాయల చొప్పున 640 పేజీలకు 1,280 రూపాయలు కట్టాను, చేతికి రావడానికి ఐదు వారాలు పట్టింది. ఒక ఊరికి 110 మిల్లీమీటర్ల పైపు, మూడడుగుల లోతు అని రాసి ఉంది. రిటైరైన వర్క్ ఇన్‌స్పెక్టర్ ఒకాయన్ని బతిమాలి బండి మీద ఎక్కించుకుని వెళ్లాను. ఆ ఊళ్లో ఒకామె ఇంట్లోంచి గడ్డపార తెచ్చి మా ముందే తవ్వింది. అడుగు కూడా దిగకముందే టక్కుమని పైపు తగిలింది. ఆయన గొంతుక్కూర్చుని, చొక్కా అంచుతో మట్టి తుడిచి, పైపు మీద అచ్చు వేసిన సైజు చదివి "అరవై మూడు" అన్నాడు. ఇంకో మాట మాట్లాడలేదు. అలా ముప్పై ఒక్క ఊళ్లు తిరిగాను.

మొత్తం పదకొండు వారాలు పట్టింది. అన్ని రోజుల్లో నా నుంచి పత్రికకు వెళ్లినవి ఏడెనిమిది చిన్న వార్తలు మాత్రమే. మధ్యలో ఆగస్టు 15 వచ్చింది, అంటే యాడ్స్ సీజన్, రిపోర్టర్లందరికీ ఇంత విలువైన యాడ్స్ తేవాలని టార్గెట్లు. నా టార్గెట్ సున్నా దగ్గరే ఉందని యాడ్స్ మేనేజర్ మీటింగులో లేచి అడిగితే, మా ఎడిటర్ తలెత్తకుండానే "అది నా పేరు మీద రాయండి" అన్నారు. కథనం నాలుగు రోజులు వరసగా వచ్చింది. ఆ తర్వాత పదేళ్లకు ఇంకో చోట, అప్పటికి నాకు అనుభవం పెరిగింది, జీతం పెరిగింది, అలాంటిదే ఇంకో కథనం అన్ని ఆధారాలతో పంపితే పైనుంచి "సింగిల్ కాలమ్ చేసి లోపలి పేజీకి వేయండి" అని వచ్చింది. ఎవరో ఫోన్ చేశారు, అంతే. రెండు చోట్లా డబ్బుంది, రెండు చోట్లా రిపోర్టర్‌ని నేనే. పైన కూర్చున్న మనిషి మాత్రం వేరు.

లోతైన జర్నలిజానికి డబ్బు కావాలి అంటాం కదా, నిజానికి ఆ డబ్బుతో మనం కొనేది టైమ్. రిపోర్టర్ పదకొండు వారాలు ఖాళీగా ఉన్నట్టు కనిపించాలి, ఆ ఖాళీని ఎవరో ఒకరు భరించాలి. అమెరికాలో ప్రోపబ్లికా అనే, లోతైన కథనాలే చేసే సంస్థ ఉంది. హెర్బర్ట్ శాండ్లర్, మారియన్ శాండ్లర్ అనే దంపతులు ఏడాదికి కోటి డాలర్లు ఇస్తామంటే, వాల్ స్ట్రీట్ జర్నల్‌లో మేనేజింగ్ ఎడిటర్‌గా చేసిన పాల్ స్టైగర్ ముందుండి 2008లో మొదలుపెట్టారు. కత్రినా తుపాను రోజుల్లో న్యూ ఆర్లియన్స్‌లో నీళ్లు చుట్టుముట్టిన ఒక ఆసుపత్రిలో రోగుల చావుల మీద షెరీ ఫింక్ రాసిన కథనం అక్కడ తయారైందే. రెండేళ్లకు పైగా పని, 13 వేల పదాలు, ఖర్చు సుమారు 4 లక్షల డాలర్లని అంచనా. 2010లో పులిట్జర్ వచ్చింది. నాకు ఆ అవార్డు కంటే ముఖ్యమనిపించిన విషయం వేరే ఉంది. సంస్థను పోషిస్తున్న ఆ దంపతులకు కూడా ఏ కథనం వస్తోందో అది బయటికొచ్చాకే తెలిసేలా స్టైగర్ మొదటి రోజే పద్ధతి పెట్టుకున్నారు. డబ్బు పెట్టినవాళ్లకు ఆ మాట మొహం మీద చెప్పగలగడమే ఈ రంగంలో నాయకత్వం అంటే.

సరే, అది ఒక దంపతుల సొంత డబ్బు. ప్రజాధనం సంగతేంటి? మీ ప్రశ్నకు అసలైన అనుభవాలు ఇక్కడే దొరుకుతాయి.

బ్రిటన్‌లో బీబీసీ, టీవీ ఉన్న ఇళ్లు కట్టే లైసెన్స్ ఫీజు సొమ్ములోంచి ఏడాదికి 80 లక్షల పౌండ్ల దాకా పక్కన పెట్టి, స్థానిక పత్రికల్లో పనిచేసే రిపోర్టర్లకు జీతాలిస్తోంది. సుమారు 165 మంది. వాళ్ల పని స్థానిక కౌన్సిళ్ల మీటింగుల్లో కూర్చోవడం, కాగితాలు చదవడం, రాయడం. రాసింది ఈ పథకంలో ఉన్న అన్ని సంస్థలూ వాడుకోవచ్చు. మన మండల పరిషత్ సర్వసభ్య సమావేశానికి, మున్సిపల్ కౌన్సిల్‌కి ఒక రిపోర్టర్ ప్రతిసారీ వెళ్లి, ఎజెండా కాపీ చివరి పేజీ దాకా చదివి, టీ తాగి ఫొటో తీసుకుని వచ్చేయకుండా మొత్తం కూర్చుంటే ఎలా ఉంటుందో ఊహించండి. నాకు చాలా నచ్చిన పద్ధతి ఇది. లోపం కూడా ఉంది. ఆ ఉద్యోగాల్లో ఎక్కువ భాగం అప్పటికే బలంగా ఉన్న రెండు మూడు పెద్ద గ్రూపులకే దక్కాయి, చిన్న స్వతంత్ర పత్రికలకు దొరికింది తక్కువ.

నార్వే 1969 నుంచీ పత్రికలకు ప్రభుత్వ సాయం ఇస్తోంది. ఒక ఊళ్లో రెండో స్థానంలో ఉన్న పత్రికకు, చిన్న స్థానిక పత్రికకు ఇంత అని సర్క్యులేషన్ ఆధారంగా లెక్క కట్టి ఇస్తారు. పత్రికలో ఏం రాశారన్నది ఎవరూ చూడరు. వామపక్ష పత్రిక క్లాసెకాంపెన్‌కూ అదే లెక్క, క్రైస్తవ సంప్రదాయ పత్రిక డాగెన్‌కూ అదే లెక్క. మంత్రికి కోపం వచ్చినా ఒక పత్రికకు మాత్రం ఆపడం కుదరదు, ఎందుకంటే అది సూత్రం ప్రకారం వచ్చే డబ్బు, ఎవరి దయా కాదు. ఇది గుర్తుపెట్టుకోండి, కింద మళ్లీ వస్తుంది.

ఇక న్యూజిలాండ్. 2021లో 5.5 కోట్ల న్యూజిలాండ్ డాలర్లతో ప్రజాహిత జర్నలిజం నిధి పెట్టారు. పంచింది మంత్రిత్వ శాఖ కాదు, న్యూజిలాండ్ ఆన్ ఎయిర్ అనే వేరే సంస్థ. ఎడం ఉంది కదా అనుకుంటాం. కానీ నిధి తీసుకునేవాళ్లు 1840 నాటి వైటాంగి ఒప్పందానికి, అంటే మావోరీలకూ బ్రిటిష్ రాజ్యానికీ మధ్య జరిగిన ఒప్పందానికి, కట్టుబడి ఉండాలన్న షరతు పెట్టారు. షరతు వెనక మంచి ఉద్దేశమే ఉండొచ్చు, మావోరీల గొంతు వినపడాలన్నది న్యాయమే. అయినా ఏం రాయాలనే దానికి దగ్గరగా ఒక్క షరతు కనపడగానే "మీడియాను కొనేశారు" అనే మాట పుట్టింది, అది చివరిదాకా వదల్లేదు. 2023తో ఆ నిధి ముగిసింది. దానివల్ల నిజంగా మంచి కథనాలు వచ్చాయి, కొత్త రిపోర్టర్లు తయారయ్యారు, కానీ ఆ ముద్ర అందరి మీదా పడింది. మంచి షరతు కూడా షరతే, తమ్ముడూ.

అమెరికా కథ ఇంకా బాధగా ఉంటుంది. దేశమంతా ప్రజా రేడియో, టీవీ స్టేషన్లకు గ్రాంట్లు పంచడానికి 1967 చట్టంతో పెట్టిన పబ్లిక్ బ్రాడ్‌కాస్టింగ్ కార్పొరేషన్‌కి డబ్బు రెండేళ్లు ముందుగానే మంజూరయ్యేది, ఈ ఏడాది కోపం వచ్చే ఏడాది గ్రాంటు మీద పడకూడదని. ఎంత ఆలోచించి పెట్టారో చూడండి. అయినా 2025 జులైలో, అలా ముందే మంజూరు చేసిన 110 కోట్ల డాలర్లను కాంగ్రెస్ వెనక్కి తీసుకుంది, నెల తిరక్కముందే కార్పొరేషన్ మూతపడుతున్నట్టు ప్రకటించింది. పెద్ద నగరాల స్టేషన్లు ఎలాగో నెట్టుకొస్తాయి, దెబ్బ ఎక్కువ తగిలేది బడ్జెట్‌లో పెద్ద ముక్క ఆ గ్రాంటే అయిన పల్లె ప్రాంతాల చిన్న రేడియోలకు. ప్రభుత్వ నిధి ఎంత పకడ్బందీగా ఉన్నా దాని మీదే ఇల్లు కట్టుకోకూడదని నేను చెప్పడానికి కారణం ఇదే.

మన దగ్గర దూరదర్శన్, ఆకాశవాణిలను నడిపే ప్రసార భారతి ఉంది. 1990లో చట్టం, 1997లో అమలు. బోర్డు ఎంపిక ఉపరాష్ట్రపతి ఉండే కమిటీ ద్వారా జరగాలి, కాగితం మీద ఎడం బాగానే ఉంది. కానీ జీతాల డబ్బు సమాచార ప్రసార శాఖ గ్రాంటుగా వస్తుంది. ఇంకా చెప్పాలంటే మన రాష్ట్రాల్లో ప్రజాధనం పత్రికలకు ఎప్పటినుంచో వెళ్తూనే ఉంది, ప్రభుత్వ యాడ్స్ రూపంలో. ఎవరికెంత అన్నది ఎప్పుడూ గొడవే. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో వాలంటీర్లు పత్రిక కొనుక్కోవడానికి నెలకు 200 రూపాయలిస్తూ ఇచ్చిన ఉత్తర్వు కూడా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఏ పార్టీ ఉన్నప్పుడు ఏం జరిగిందన్న చర్చ నాకు వద్దు. ఎవరికివ్వాలో ఒక శాఖ చేతిలో ఉన్నంతకాలం అది జర్నలిజానికి సాయం కాదు, తాడు.

మరి మన దగ్గర మంచి నమూనా లేదా అంటే, ఉంది. జర్నలిజంలో కాదు, ఉపాధి హామీలో. 2009లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సామాజిక తనిఖీల కోసం విడిగా ఒక సొసైటీ పెట్టారు. ప్రభుత్వ పనిని ప్రభుత్వ డబ్బుతోనే తనిఖీ చేయాలి. దానికి నిధి ఎలా ఇచ్చారో చూడండి: ఉపాధి హామీ మీద పెట్టే ఖర్చులో 0.5 శాతం. నార్వే లెక్కలాగే, ఇది కూడా సూత్రం. డైరెక్టర్‌గా ఐఏఎస్ అధికారిని వేయకుండా, రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే కూలీల, రైతుల సంఘంలో పనిచేసి వచ్చిన సౌమ్య కిడాంబిని పెట్టారు. ఊళ్లలో చదువుకున్న కూలీల పిల్లలకు శిక్షణ ఇచ్చి తనిఖీకి పంపారు. నేను కొన్ని మండలాల్లో, తనిఖీలో తేలింది జనం ముందే చదివి వినిపించే ప్రజా వేదికలకు వెళ్లాను. ఒకచోట ఇరవై ఏళ్లు కూడా నిండని అమ్మాయి మైకు ముందు నిలబడి మస్టర్ రోల్, అంటే కూలీల హాజరు పట్టీ, చదువుతోంది, ఒక పేరు చదవగానే వెనక నుంచి ఒక ముసలాయన లేచి "మా తమ్ముడు పోయి రెండేళ్లయింది" అన్నాడు. వేదిక మీద అధికారులున్నారు, కింద ఆ ఊరి పనులు చూసే ఫీల్డ్ అసిస్టెంట్ ఉన్నాడు. ఆ అమ్మాయి ఆగి, పెన్ను తీసి, ఆ లైను పక్కన రాసుకుని, తర్వాతి పేరు చదివింది. ఆ రోజు నాకు అనిపించింది, మేం చేయాల్సిన పని ఈ పిల్ల చేస్తోంది అని. ఆ ధైర్యం ఊరికే రాలేదు. నిధి సూత్రం ప్రకారం వస్తోంది, పైన ఒత్తిడికి ఎదురు నిలబడే మనిషి ఉంది.

కాబట్టి రేపు ఏ రాష్ట్ర ప్రభుత్వమైనా పరిశోధనాత్మక జర్నలిజానికి నిధి అంటే, అప్లికేషన్ నింపే ముందు ఆ ఉత్తర్వు కాపీ సంపాదించి చదవండి. డబ్బు లెక్క ప్రకారం వస్తుందా, కమిటీ ఇష్టం ప్రకారం వస్తుందా? కమిటీ అయితే అందులో సమాచార శాఖ కమిషనర్, ఎమ్మెల్యేలు ఉన్నారా? విడతల వారీగా ఇస్తారా, ఇస్తే రెండో విడతకు ముందు కథనం చూపించమంటారా? చూపించమంటే వదిలేయండి.

ఇప్పుడు మీకు నేరుగా సంబంధించిన చట్టాల సంగతి. పేపర్లకు, వార్తా సంస్థలకు, వాటిలో పనిచేసే జర్నలిస్టులకు విదేశీ విరాళం తీసుకోవడానికి విదేశీ విరాళాల చట్టం ఒప్పుకోదు. అమెరికాలో ఉన్న మీ బావగారు డాలర్లు పంపుతానంటే సంతోషమే, కానీ ఆయన పౌరసత్వం ఏదో, ఏ ఖాతా నుంచి వస్తుందో ముందు ఒక మంచి సీఏని అడిగాకే తీసుకోండి. ఇక్కడి ట్రస్టుల గ్రాంట్లు ఉన్నాయి. బెంగళూరులో 2015లో మొదలైన ఐపీఎస్ఎంఎఫ్ అనే ఫౌండేషన్ దేశంలోని దాతల డబ్బును స్వతంత్ర మీడియాకు ఇస్తూ వచ్చింది. 2022 సెప్టెంబరులో దాని ఆఫీసులో ఆదాయపు పన్ను శాఖ సర్వే, అంటే లెక్కల తనిఖీ, జరిగింది. 2025 జనవరిలో రిపోర్టర్స్ కలెక్టివ్ అనే సంస్థ పన్ను మినహాయింపు ఇచ్చే తమ లాభాపేక్ష లేని హోదా రద్దయిందని, జర్నలిజం ప్రజాప్రయోజనం కిందికి రాదన్నది అందుకు చూపిన కారణమని ప్రకటించింది. కన్నడలో నడిచే ది ఫైల్‌కూ అదే జరిగింది. తాగునీటి పైపు 110 బదులు 63 వేశారని బయటపెట్టడం ప్రజాప్రయోజనం కాకపోతే మరేది అవుతుందో నాకు అర్థం కాదు. అయినా మీరు లెక్క వేసుకునేటప్పుడు పన్ను మినహాయింపు ఎప్పటికీ ఉంటుందని వేసుకోకండి.

అందుకే నా సలహా, మొదటి రోజు నుంచీ మీ వెన్నెముక పాఠకుల చందాయే కావాలి. గ్రాంట్లు పైన కప్పుకునే దుప్పటి లాంటివి. ఫ్రాన్స్‌లో ల మోంద్ పత్రికకు ఎడిటర్‌గా చేసిన ఎడ్వీ ప్లెనెల్ 2008లో మీడియాపార్ట్ పెట్టినప్పుడు యాడ్స్ వద్దన్నారు. ఆన్‌లైన్ వార్తకు ఎవరు డబ్బు కడతారని నవ్వినవాళ్లే ఎక్కువ. 2012 డిసెంబరులో బడ్జెట్ మంత్రి జెరోమ్ కాయుజాక్‌కు విదేశంలో రహస్య ఖాతా ఉందని వాళ్లు రాశారు. పన్ను ఎగవేతల మీద పోరాడాల్సిన మంత్రి ఆయనే. పార్లమెంటులో నిలబడి అబద్ధమన్నారు. నాలుగు నెలలకు ఒప్పుకున్నారు. ఆ నాలుగు నెలలూ ఆ ఆఫీసులో ఎంత టెన్షన్ ఉండి ఉంటుందో ఆలోచించండి, మిగతా మీడియాలో చాలామంది వీళ్లనే అనుమానించారు. చందాదారులున్నారు కాబట్టి నిలబడ్డారు, ఇప్పుడు రెండు లక్షలకు పైగా ఉన్నారు. దక్షిణ కొరియాలో 2012లో టీవీల నుంచి ఉద్యోగాలు పోయిన జర్నలిస్టులు కలిసి న్యూస్‌తాపా పెట్టారు, అదీ సభ్యుల విరాళాలతోనే, యాడ్స్ లేకుండా. 2023లో ప్రాసిక్యూటర్లు వచ్చి ఆఫీసు సోదా చేశారు, అయినా నడుస్తోంది.

మీ ముగ్గురి లెక్క వేసి చూశాను. తలా 30 వేలు అనుకుంటే 90 వేలు. తిరగడానికి 15 వేలు, ఆర్టీఐ నకళ్లు, లాయరు, సర్వర్ కలిపి 10 వేలు. నెలకు 1,15,000. నెలకు వంద రూపాయలిచ్చే పాఠకులు 1,200 మంది దొరికితే మీకు ఎవరి ఫోన్లూ అక్కర్లేదు. కర్నూలు, నంద్యాల జిల్లాల్లో టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, ఊరు వదిలి హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉంటూ ఊరి సంగతులు తెలుసుకోవాలనుకునేవాళ్లు ఎంతమంది ఉంటారు? 1,200 మంది పెద్ద సంఖ్య కాదు. ఒక్క రోజులో మాత్రం రారు, ఏడాదిన్నర పట్టొచ్చు, అందుకే ఆ మధ్యకాలానికి గ్రాంటు అడగడంలో తప్పు లేదంటున్నాను. ఏ ఒక్క దాత వాటా మీ ఏడాది ఖర్చులో నాలుగో వంతు దాటనివ్వకండి. ఎవరెంత ఇచ్చారో సైట్‌లోనే పెట్టండి, దాత వద్దన్నా సరే. చందాదారుల ఒత్తిడి కూడా ఒత్తిడేనని మర్చిపోకండి, తమ కులం మీదో తమ పార్టీ మీదో రాస్తే చందా మానేస్తామనేవాళ్లు వస్తారు, మానేయనివ్వండి.

చివరిగా, మీరు రాయనిది, నేను అడగాల్సింది. మీ ముగ్గురిలో ఎడిటర్ ఎవరు? "ముగ్గురం సమానమే" అని రాశారు. స్నేహానికి అది బాగుంటుంది, రాత్రి పదకొండింటికి లీగల్ నోటీసు వాట్సాప్‌లో వచ్చినప్పుడు బాగుండదు. ఒకరు ఆ కుర్చీలో కూర్చోవాలి. ఆ మనిషి పని రాయడం కంటే ఎక్కువగా మిగతా ఇద్దరి టైమ్‌ని కాపాడటం, ప్రతి ఆధారాన్ని తన కళ్లతో చూడటం, ఆధారం సరిపోనప్పుడు నాలుగు నెలల కష్టమైనా ఆపేయడం, దాతలకు ఫోన్‌లో "కుదరదు" అని చెప్పడం. ముగ్గురిలో బాగా రాసేవాళ్లనే అక్కడ పెట్టకండి. ఎవరికి కోపం నిదానంగా వస్తుందో, ఎవరు కాగితాన్ని చివరి లైను దాకా చదువుతారో వాళ్లని పెట్టండి, ఏడాది పాటు వాళ్ల మాటే చివరి మాట అని మీలో మీరు రాసుకుని సంతకాలు పెట్టుకోండి.

డొమైన్ కొనకముందే బ్యాంకులో రెండో ఖాతా ఒకటి తెరవండి, లాయరు ఖర్చులకు. వచ్చే ప్రతి వందలో పది అందులోకి వెళ్లాలి. మీ మొదటి కథనం ఏ శాఖ మీదో రాయలేదు, రాయకపోవడమే మంచిది. ఆర్టీఐ అప్లికేషన్ ఎలా రాయాలో సందేహం ఉంటే ఇక్కడే అడగండి, ఎం-బుక్కుల కోసం నేను వాడిన వాక్యాలు ఇంకా నా దగ్గర ఉన్నాయి, పెడతాను. గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల ఆఫీసులో 5 రూపాయలు, ఆ పైన 10.